ఐదొందల ఇరవై మంది తిన్న దావత్

మా ఇంటి మీద అంతస్తు లేపి గృహప్రవేశం చేసిన రోజు గల్లీ పొడుగునా కార్లు నిలబడ్డాయని చాలామందికి చెప్పాను. నిలబడ్డవి మూడు. అందులో ఒకటి విమానాశ్రయానికి పోతూ దారి తప్పిన ట్యాక్సీ. దారి అడగడానికి దిగిన డ్రైవర్‌ను పట్టుకుని కూర్చోబెట్టి తినిపించాను.

మా తొండుపల్లి వైపు దావత్ గొప్పతనం రెండు ప్రశ్నల్లో తేలుతుంది. ఎన్ని యాటలు కోసిండ్రు, ఎంతమంది తిన్నరు. కోతకు తెచ్చిన మేకనో గొర్రెనో మేం యాట అంటాం. ఆ లెక్కలో అబద్ధం కుదరదు, కోసినవాడు ఊళ్లోనే ఉంటాడు. తిన్నవాళ్ల లెక్కకు సాక్షి ఉండడు.

దావత్ మర్నాటి నుంచి జనం వాంతులు, విరేచనాలతో పడ్డారు. మూడో రోజు ఆరోగ్య కేంద్రం నర్సమ్మ నోటుబుక్కుతో వచ్చింది. మహేశ్వరం వైపు పిల్ల, మాట సూటిగా ఉంటుంది.

"బాపు, మీ దావత్ల ఎంతమంది తిన్నరు?"

"నాలుగొందలు."

సరిగ్గా అప్పుడే మా కప్పు మీదుగా విమానం దిగింది. "జర మళ్ల చెప్పు, వినవడలే."

నిజం చెప్పడానికి దేవుడిచ్చిన రెండో అవకాశం అది. "ఐదొందల ఇరవై" అన్నాను. చివర ఇరవై ఉంటే ఎవరైనా నమ్ముతారు.

"తాగనీకి నీళ్లేం పెట్టిండ్రు?"

"క్యాన్ నీళ్లు బిడ్డా."

క్యాన్ల మాట నిజమే. తెచ్చినవి సగం పంక్తులకే అయిపోతే, ఖాళీ క్యాన్లను మా పెరటి బోరు నీళ్లతో నింపించాను. చెట్లకు, ఇల్లు కట్టడానికి వాడిన బోరు అది. ఆ ముక్క మింగేశాను.

ఆమె అరుగు మీద కూర్చుని నాకు చూపిస్తూ రాసింది. పడ్డవాళ్ల అంకె పైన, తిన్నవాళ్ల అంకె కింద. మా దావత్ తిన్నవాళ్లలో ఇరవై ఆరుగురు పడ్డారు. ఐదొందల ఇరవైకి చూస్తే వందకు ఐదుగురు. గల్లీలో తినడానికి రానివాళ్లు రెండొందల మంది ఉంటే వాళ్లలో పదిమంది పడ్డారు. అక్కడా వందకు ఐదుగురే.

"తిన్నోళ్లకు, తిననోళ్లకు ఏం ఫరక్ లేదు బాపు. మీ దావత్ల తప్పు లేదు. ఇగ అందరు తాగే నల్లా నీళ్లే చూడాలె" అంది.

నా ఛాతీ పొంగింది. నల్లా ఆపారు, ట్యాంకు కడగడం మొదలుపెట్టారు. గల్లీకి నీళ్లు లేకపోయేసరికి నేను గేటు తెరిచి, పైపు పట్టుకుని నిలబడి అందరి బిందెలూ నింపాను. "మా బోరు నీళ్లు కొబ్బరి నీళ్ల లెక్క ఉంటయ్, పట్టుకపోండ్రి" అన్నాను. ఎదురింటి వదిన రెండు బిందెలు పట్టుకుంది. ఆమె మాంసం మానేసి ఏళ్లయింది, మా దావత్‌కు రాలేదు.

రెండు రోజులకు వదినను ఆటోలో పడుకోబెట్టి శంషాబాద్ దవాఖానకు తీసుకుపోయారు. కళ్లు లోపలికి పోయాయి. "నీళ్లు ఎక్కిస్తుండ్రు, మాట లేదు" అని ఆమె కొడుకు ఫోన్ చేశాడు.

వదిన నా ఇంట్లో మెతుకు ముట్టలేదు. ముట్టింది నా నీళ్లే. అది తట్టాక ఇంట్లో కూర్చోలేక ఆరోగ్య కేంద్రానికి పోయాను.

"బిడ్డా, ఐదొందల ఇరవై కాదు."

"మరెంత?"

"రెండొందల యాభై."

తప్పు ఒప్పుకోవడానికి పోయి కూడా సగం దారిలో ఆగిపోయాను. నర్సమ్మ పెన్ను కింద పెట్టింది.

"ఎన్ని యాటలు కోసిండ్రు?"

"రెండు."

"రెండు యాటలతోని రెండొందల యాభై మందికి పెట్టినవా? ముక్కలు ఏసిండ్రా, వాసన చూపిండ్రా బాపు?"

"నూట ముప్పై" అన్నాను. "ట్యాక్సాయనతో కలిపి."

ఆమె కింది అంకె కొట్టేసి నూట ముప్పై వేసింది. పై అంకె మారలేదు, అదే ఇరవై ఆరు. వందకు ఇరవై మంది. తిననివాళ్లలో వందకు ఐదుగురే.

"నువ్వు తిన్నోళ్లను పెంచినవు. రోగం చిన్నగ కనవడ్డది" అంది మెల్లగా. తిట్టినా బాగుండేది. అప్పుడు క్యాన్ల సంగతీ చెప్పాను. కొత్త అంతస్తు కోసం బోరు పక్కనే లెట్రిన్ గుంత తవ్వించిన సంగతీ చెప్పాను.

"బోరు ఇప్పుడు నడుస్తుందా?"

నడుస్తోంది. ఆపితే ఎందుకని అడుగుతారని పైపు మా ఆవిడ చేతికిచ్చి వచ్చాను.

నర్సమ్మ స్కూటీ మీద కూర్చోబెట్టుకుని తీసుకొచ్చి మోటారు తనే బంద్ చేసింది. "ఇంటింటికి పోయి నువ్వే చెప్పాలె బాపు. నేను చెప్తె నల్లా మీద అనుమానం పోదు" అంది. పోయాను. ఆ నీళ్లు పారబోయండి, తప్పు నాది అని పద్నాలుగు గడపల దగ్గర చెప్పాను. పద్నాలుగే, ఒక్కటీ ఎక్కువ వేయలేదు. ఒకామె నా ముందే బిందె తెచ్చి మా గేటు ముందు గుమ్మరించి పోయింది.

వారానికి వదిన ఇల్లు చేరింది. చూడ్డానికి పోయి గడప దగ్గరే నిలబడ్డాను. మంచం మీద నుంచే అడిగింది.

"ఏం మరిదీ, మీ దావత్ల ఎంతమంది తిన్నరు?"

"నూట ముప్పై వదినా."

"అండ్ల నన్ను ఏసుకోలే గద?"

నేను ఇళ్లవారీగా లెక్కేసుకున్నాను. వీళ్ల ఇంటికి నలుగురు అని వేశాను. వచ్చింది ముగ్గురు.

"నూట ఇరవై తొమ్మిది" అన్నాను.

వదిన నవ్వలేదు. ఇంటికొచ్చిన మనిషికి ఇచ్చినట్టే కోడలితో లోటాడు నీళ్లు ఇప్పించింది. "తాగు, కాగవెట్టినయే" అంది. లోటా ఖాళీ అయ్యేదాకా నేను తల ఎత్తలేకపోయాను.