మడ్ పంపు ఆపిన టైము కోసం వచ్చిన శ్రావణి

నిన్న పొద్దున పదకొండింటికి ఫోన్ మోగింది. స్క్రీన్ మీద శ్రావణి పేరు.

"ఎక్కడిదాకా వచ్చావమ్మా?" అన్నాను.

అవతల ఎవరో మగ గొంతు. "ఇందులో లాస్ట్ కాల్ మీదేనండి. స్కూటీని లారీ గుద్దేసింది. అమ్మాయి పోయిందండి."

ఫోన్లోనే టైపు చేస్తున్నా. తప్పులుంటే మన్నించండి.

మన ఆయిల్ రిగ్ ఫ్రెండ్స్‌కి శ్రావణి తెలీదు. బాపట్ల అమ్మాయి. పీహెచ్‌డీ చేస్తోంది. పాత ఆయిల్ బావుల రికార్డులు చూసి, మన డెల్టా కింద అంత లోతులో ఎంత వేడి ఉందో లెక్కగట్టి మ్యాప్ గీయడం తన పని.

ఆ బావుల్లోకి థర్మామీటర్ దించింది నేనే కదా. అందుకే రేపల్లెలో మా ఇల్లు వెతుక్కుంటూ వచ్చింది.

"మడ్ పంపు ఆపిన ఎన్ని గంటలకి దించారు బాబాయ్?"

"అదెందుకమ్మా?"

మా ఆవిడ అప్పుడే పొయ్యి మీంచి దించిన పప్పు గిన్నె వైపు చూపించింది శ్రావణి.

"దీని మీద చన్నీళ్ళు పోసి వెంటనే ముట్టుకోండి, చల్లగా ఉంటుంది. కాసేపాగితే చెయ్యి కాలుద్ది. డ్రిల్లింగప్పుడు మీరు పంపుతో లోపలికి తోసే బురద, అదే మడ్, కూడా బావిని అలాగే చల్లబరిచేస్తుంది. ఎంతసేపు ఆగారో తెలిస్తేనే అసలు వేడి తేలేది."

అంటే పాతికేళ్ళు నేను రాసిన నంబర్లన్నీ తక్కువే! సిగ్గేసింది.

"మీ తప్పేం లేదు బాబాయ్, రిపోర్టులో టైము ఎక్కించలేదు, అంతే" అని నవ్వేసింది.

ఇంకో మూడు బావులకే ఆ టైము కావాలి. మూడుసార్లు వచ్చింది. గుర్తులేదనే చెప్పా.

మొన్న సాయంత్రం అటక మీద నా పాత డైరీ దొరికింది. మూడు టైములూ ఉన్నాయి. ఫోన్ చేస్తే ఒక్క కేక పెట్టింది.

"చెప్పండి బాబాయ్, రాసుకుంటా!"

చెప్పలేదు.

"రేపు రామ్మా, నువ్వే చూసుకుందువుగాని" అన్నా.

మూడంటే మూడు నంబర్లు. ఒక్క నిమిషం పని.

డైరీ తెరిచినప్పుడు తన మొహం చూడాలని ఆశ. అంతే. అంతకంటే ఏం లేదు.

ఈ పొద్దున బాపట్ల వెళ్ళా. వాళ్ళమ్మ నా చెయ్యి పట్టుకుని, "రేపల్లె బాబాయ్ గారు మీరేనా అండి? టిఫిన్ కూడా తినకుండా బయల్దేరిందండి, అంత సంతోషం" అంది.

ఫోన్లోనే అడిగిందని, నేనే చెప్పలేదని ఆవిడకి తెలీదు. నోరు రాలేదు. అందుకే ఇక్కడ చెప్తున్నా.

డైరీ వాళ్ళ గైడ్ సార్‌కి ఇచ్చా. శ్రావణి పేరుతోనే మ్యాప్ పూర్తి చేస్తామన్నారు. ఇంకా ఏదో అన్నారు. నాకేం ఎక్కలేదు.

వెళ్ళిరా తల్లీ.

శాంతి నీకు దొరకాలి. నాకొద్దు.