ఫైటర్ చేపకు ఫిల్టర్

నాకు చేపంటే పులుసులో వేసేదే. అద్దాల తొట్టి పిచ్చి మా ఆయనది. నిమ్‌పురా రైలింజన్ల షెడ్డులో డ్యూటీ దిగి ఇంటికొస్తూనే, బూట్లైనా విప్పకుండా తొట్టి ముందు కూర్చునేవారు. "ఏటే, దానికి మేత ఏసినావా?" అన్నది మొదటి ప్రశ్న. నేను తిన్నానా లేదా అన్నది రెండోది. ఒక్కోసారి ఆ రెండోది మరిచిపోయేవారు కూడా.

ఆయన పోయాక చేపలూ ఒకటొకటిగా పోయాయి. మిగిలింది ఒక్క ఫైటర్ చేప. నీలంగా, పొడవాటి రెక్కలతో, ఎవరితోనూ పడని మొండిది. మొన్న వానల్లో ఫిల్టర్ మోటారు కాలిపోయింది. నీళ్ళు మసకేశాయి. చేప మాటిమాటికీ పైకొచ్చి నోరు తెరుస్తోంది. ఇది కూడా పోతే ఇంట్లో కదిలేది ఫ్యానొక్కటే.

గోల్‌బజార్‌లో చేపల సామాన్లు అమ్మే దుకాణానికి వెళ్ళాను. దుకాణదారు బెంగాలీ, మాటకారి. నీళ్ళలో ముంచే మోటారు ఫిల్టర్ తీసి, "అస్సలు చప్పుడుండదు బౌదీ" అని వాళ్ళ భాషలో నన్ను వదినను చేసేసి, అక్కడున్న తొట్టిలో పెట్టాడు. అందులోనూ ఒక ఫైటరే ఉంది. నీటి ధార తగలగానే దాని రెక్కలు ఒక పక్కకు వాలిపోయాయి, అది వెళ్ళి అద్దానికి కొట్టుకుంది. నేను కంగారుగా "చాలు, చాలు!" అన్నాను. అతను నవ్వుతూ ధార ఇంకా పెంచాడు.

బెంగాలీలో చాలు అంటే నడుస్తోందని. ఇంకా నడవనీ అంటున్నాననుకున్నాడు. పుట్టి పెరిగింది ఈ బెంగాలీ ఊళ్ళోనే, నాకు తెలియక కాదు. ఇంట్లో మేమిద్దరం "సాలు" అనుకునేవాళ్ళం. నలుగురిలో మర్యాదగా ఉంటుందని నోరు తిప్పుకుని చ పలికాను, చక్కగా బోల్తా పడ్డాను. "బస్ దాదా, బంద్ కరో!" అని అరిచాక ఆపాడు.

చేపకేమీ కాలేదు. నాకే ఏడుపొచ్చింది. నా నోట తెలుగు మాట వచ్చి ఎన్నాళ్ళయిందో అప్పుడు తట్టింది. వచ్చిన ఆ ఒక్కటీ ఎదుటివాడికి ఇంకోలా వినిపించింది.

అతను కాస్త తగ్గి, స్పాంజి ఫిల్టర్ అదే తొట్టిలో పెట్టి చూపించాడు. గాలి పంపు తొట్టి బయట ఉంటుంది. సన్నటి గొట్టంలోంచి గాలి వెళ్ళి బుడగలు లేస్తాయి, మురికిని స్పాంజి పట్టేస్తుంది. నీళ్ళు కదిలీ కదలనట్టు కదిలాయి. ఫైటర్ దాని పక్కనుంచే తీరిగ్గా పోయింది. పంపు మాత్రం గుర్రుమంటూనే ఉంది.

"ఈ మోతకు నిద్ర పట్టదు బౌదీ. ఇంట్లో ఎంతమంది?"

"ఇద్దరం" అన్నాను.

అలవాటు కొద్దీ వచ్చేసింది. దిద్దుకోకుండా పర్సు తీశాను.

"మీ ఆయనకు చప్పుడు పర్వాలేదా?"

"ఏమీ అనరు" అన్నాను. డబ్బిచ్చేసి గబగబా ఆటో ఎక్కేశాను.

ఇంటికొచ్చి, తొట్టిలో కొన్ని నీళ్ళు మార్చి పంపు పెట్టాను. సాయంత్రానికి చేప కిందికి దిగి నెమ్మదిగా తిరగసాగింది. స్టూలు లాక్కుని తొట్టి ముందు కూర్చుని మేత వేశాను. ఒక గింజ మింగి, నా వైపు తిరిగి ఆగింది.

"ఇంట్లో ఇద్దరవని సెప్పేసినాను. నువ్వు సచ్చిపోకు" అన్నాను.