ఆరో బొందు

మా అమ్మకు వేలాడేవేవీ గిట్టవు. పరదా అంచు జారినా నా జడలో నాలుగు వెంట్రుకలు తప్పించుకున్నా ఊరుకోదు. ఇక లంగా బొందు కొస చీర కింద కనిపించిందా, మారేడ్‌పల్లి మొత్తం తలదించుకోవాల్సిందే.

అలాంటి ఇంట్లో ఉండి నేను పీహెచ్‌డీ చేసింది వేలాడే తోక మీద.

బ్యాక్టీరియా ఒంటిమీద ఒక కొవ్వు అణువుంటుంది. దానికి ఆరు తోకలు. మన కణాల మీద గుర్రపు లాడం ఆకారంలో కాపలా ప్రోటీన్లుంటాయి, ఒక్కోదాని పక్కన ఒక జేబు. కొవ్వు తోకల్లో ఐదు ఆ జేబులోకి దిగిపోతాయి. ఆరోది పట్టక అంచు మీదే పడుకుని, పక్క లాడాన్ని అంటుకుంటుంది. అలా రెండు లాడాలు జతపడితేనే కణానికి కబురందుతుంది, మనకు జ్వరమొస్తుంది. నాలుగే తోకలున్న కొవ్వులు కొన్ని జేబులో పూర్తిగా మునిగిపోతాయి. అప్పుడు కాపలావాడికి చీమ కుట్టినట్టయినా ఉండదు. నా ఇన్నేళ్ల చదువూ ఆ ఒక్క తోక బయట ఉండటం మీదే నిలబడింది.

వైవాకు నమూనా చేశాను. థర్మాకోల్ లాడాలు రెండు, నాన్న మంకీ క్యాపు కత్తిరించి కుట్టిన జేబులు, తోకలకు అమ్మ పెట్టెలోని కొత్త లంగా బొందులు. రెండిట్లోనూ ఆరో బొందును బయటికే వదిలి, కొసకు వెల్క్రో అంటించాను. వైవా రోజు పొద్దున అన్నీ బల్లమీద పెట్టి స్నానానికి వెళ్లాను. అదే నా కొంప ముంచింది.

వైవాకు బయటి నుంచి వచ్చిన ప్రొఫెసర్ నవ్వగా చూసినవాళ్లు లేరని మా ల్యాబులో చెప్పుకునేవారు. "ఇప్పుడీ ఆరో తోక పక్కదాన్ని పట్టుకుంటుంది" అని లాడాలను దగ్గరికి చేర్చి వదిలాను. అలిగిన వియ్యంకుల్లా చెరో పక్కకు పడ్డాయి. మళ్లీ చేర్చాను. మళ్లీ పడ్డాయి.

ఆయన కళ్లద్దాలు సర్దుకున్నారు. "ఆరు తోకలూ లోపలే ఉన్నాయే! ఆ జేబులో ఆరు పట్టవని కదా మీ థీసిస్? దేన్ని నమ్మమంటారు?"

డిగ్రీ గంగలో కలిసిందనే అనుకున్నాను.

వెనక వరుసలో సమోసాల సంచి ఒళ్లో పెట్టుకున్న అమ్మ లేచింది. "పట్టలే సార్. నేనే జెర గట్టిగ నూకిన."

అందరూ వెనక్కి తిరిగి చూశారు. అమ్మ ఆగలేదు.

"ఇంతమంది ముందట బొందు బయటికేలాడితే మంచిగుంటదా? గందుకే దోపిన. రెండిట్ల సుత."

భూమి చీలితే అందులో దూరిపోయేదాన్ని. ప్రొఫెసర్ మాత్రం నావైపు తిరిగారు. "మీ అమ్మగారు లోపలికి దోపితే ఏమైందమ్మా?"

"కబురు ఆగిపోయింది సార్. జ్వరం రాదు."

"మీకు వచ్చినట్టుందే" అని ఆయన నవ్వారు. నేను బొందులు బయటికి లాగి అంటించాను. లాడాలు కదలకుండా నిలబడ్డాయి. ఆ సాయంత్రానికి డాక్టరునయ్యాను.

ఇప్పుడా నమూనా మా హాల్లో షోకేసులో ఉంది. మొన్న యాప్రాల్ నుంచి మా మేనత్త వచ్చి, "ఇదేంది వదినా, గిట్ల ఏలాడుతుంది?" అంటూ దాన్ని సర్దబోయింది. అమ్మ ఒక్క ఉదుటున వెళ్లి ఆమె చెయ్యి పట్టుకుంది.

"ముట్టకు వదినా. నా బిడ్డ డాక్టరైంది గదొక్కటి బయటున్నందుకే."