ఖాజా సగం మెరిపించిన మా బాపు సైకిల్

నిన్న పొద్దున ఫోన్ వచ్చింది. ఖాజా లేడని. గుండెపోటు.

ఆ ఫోన్ నాకు రాలేదు, మా బాపుకు వచ్చింది. బడి రోజుల నుంచి వాడి దోస్తును నేను. వాళ్ల తమ్ముడు మాత్రం ముందు మా బాపుకే చేశాడు.

నమ్మబుద్ధి కాలేదు.

ఆ షాక్‌లో కూడా, నాకెందుకు చెయ్యలేదని ఒక మంట. ఏం చెయ్యను, ఖాజా విషయంలో నా బుద్ధే అంత.

తెలియనివాళ్లకు చెప్తున్నా. హుజూర్‌నగర్‌లో ఖాజాది సైకిల్ దుకాణం. పాత సైకిళ్లకు వెలిసిపోయిన రంగు మళ్లీ తెప్పించడం వాడి పిచ్చి. కొత్త పెయింట్ వెయ్యడు. ఉన్న రంగునే బయటికి తీస్తాడు. బిఫోర్, ఆఫ్టర్ ఫొటోలు పెడితే లైకులే లైకులు.

నేనేమో పెయింటర్ని. మా బజారులో సగం షట్టర్ల మీద అక్షరాలు నావే. నా ఫొటోలకు మా బావమరిది ఒక్కడే లైక్ కొడతాడు.

మా బాపుది ఆకుపచ్చ సైకిల్. నాకంటే పాతది. ఎండకు రంగు చచ్చి, ముట్టుకుంటే చేతికి సుద్దపొడి అంటేది.

మొదట నేనే మొదలుపెట్టా. చైన్ కవర్ మీద గరుకు కాగితంతో రుద్దితే, మురికితో పాటు బంగారు గీత కూడా పోయింది.

బాపు తిట్టలేదు. "నీ చెయ్యి బరువు బిడ్డా. గది ఖాజాకియ్యి" అన్నాడు.

తిట్టినా బాగుండేది.

సైకిల్ ఖాజాకు ఇచ్చేశా. వాడి పద్ధతే వేరు. సబ్బునీళ్లతో కడిగి ఆరబెట్టి, పాత బనియన్ గుడ్డ వేలికి చుట్టి, కొంచెం పాలిష్ పేస్ట్ అద్ది రుద్దుతాడు. రోజుకు జానెడు జాగా. అంతే. ఇంకో షరతు కూడా ఉంది. సైకిల్ ఎవరిదో వాళ్లు ఎదురుగా స్టూల్ మీద కూర్చొని దాని ముచ్చట్లు చెప్పాలి. ఆపితే వాడూ గుడ్డ పక్కన పెట్టేస్తాడు.

ఒకరోజు వెళ్తే, గుడ్డంతా పచ్చగా ఉంది.

"రంగు పోతాంది గదరా" అన్నా.

"పైన సచ్చిన రంగు పోతాంది. లోపలిది మంచిగనే ఉంది, జర సూడు."

చూశా. నిజంగానే లేత వరినారు పచ్చ. కడుపు మండింది.

కానీ అసలు మంట అది కాదు. వాడు ముందు ఫోర్క్ మీద సొట్ట చూపించి అన్నాడు, "మీ అమ్మ కొత్తగ కాపురానికొచ్చినప్పుడు గీ సైకిల్ మీదికెళ్లి కాల్వల పడ్డదంట. నీకెరికేనా?"

నాకెరిక లేదు.

అమ్మ పోయి చాలా ఏండ్లయింది. ఇంట్లో ఆమె పేరెత్తని బాపు, ఆ దుకాణంలో కూర్చొని వాడికి అన్నీ చెప్పాడు. ఆ రోజు ఖాజా చాయ్ తెప్పిస్తే తాగకుండానే వచ్చేశా.

నిన్న ఖాజాను మట్టి చేసి వచ్చాక, వాళ్ల తమ్ముడు సైకిల్ ఇంటికి పంపాడు. ముందు సగం మెరుస్తోంది. వెనక సగం సుద్దే. హ్యాండిల్‌కు ఆ బనియన్ గుడ్డ కట్టి ఉంది.

ఇవాళ పొద్దున బాపు స్టూల్ తెచ్చి ఎదురుగా వేసుకున్నాడు.

"మిగిలింది నువ్వు చెయ్యి" అన్నాడు.

ఎప్పటి నుంచో వినాలనుకున్న మాట. ఇట్లా వినాలనుకోలేదు.

చెయ్యి తేలిక చేసుకొని జానెడు రుద్దా. పచ్చ వచ్చింది. నీ పచ్చ పక్కన పెడితే జర తక్కువే ఖాజా.

"ముచ్చట చెప్పు బాపూ" అన్నా. అమ్మ గురించి చెప్తాడనుకున్నా.

చాలాసేపు చెప్పాడు. అంతా నీ గురించే.

మళ్లీ మండింది. రుద్దుతూనే విన్నా. ఏడుస్తూనే విన్నా.

పోయిరా దోస్త్. జన్నత్‌లో నీకు చల్లని జాగా దొరకాలి, నిమ్మళంగా ఉండు.

అక్కడ నిన్ను చూసి ఇంకెవరూ కుళ్లుకోవద్దు. ఆ హక్కు నాదే.