కొత్తూరులో తలుపు మూసిన ప్రార్థన

ఎలీషబా ప్రార్థన చేస్తే దేవుడికి అడ్రసు చెప్పినట్టే ఉంటుందని ఊళ్లో నవ్వుతారు. నవ్వితే నవ్వారు గానీ, కష్టమొచ్చినప్పుడు పాస్టరుగారి గుమ్మం కంటే ముందు ఆమె గుమ్మమే తొక్కుతారు. వాళ్లది బేస్తవారిపేట పక్క పల్లె. వయసులో ఉండగా మార్కాపురం పలకల ఫ్యాక్టరీలో పలకలు అరగదీసింది. ఆ దుమ్ముకు దగ్గు పట్టుకున్నాక మిరప కోతలకూ పొగాకు పనులకూ పోయింది. భర్త ప్రభాకరరావు బెంగళూరులో సెంట్రింగు పనిలో ఉంటాడు. చదువు ఐదో తరగతితో ఆగింది, గొంతు మాత్రం ఎవరూ ఆపలేకపోయారు.

ఆ అడ్రసు అలవాటు ఊరికే రాలేదు. ఊళ్లో ఇద్దరు ప్రభుదాసులు. ఒకాయన జ్వరంతో ఆస్పత్రిలో పడి ఉంటే ఎలీషబా ఉపవాసముండి మరీ ప్రార్థన చేసింది. ఆయన జ్వరం అలాగే ఉంది, వీధి చివరి ప్రభుదాసుకు మాత్రం ఏనాటిదో నడుం నొప్పి మాయమైంది. ఊరంతా పడీ పడీ నవ్వింది. ఎలీషబా నవ్వలేదు. అప్పటినుంచి ఎవరి కోసం అడిగినా పేరు, వీధి, ఇంటి గుర్తు, చివరికి మంచం ఏ మూల ఉందో కూడా చెప్పి అడుగుతుంది.

శుక్రవారం మధ్యాహ్నం ఆడవాళ్ల ఉపవాస కూడిక. ఆ పూట మందిరం తలుపులు మూసేస్తారు, మగవాళ్లు ఆ ఛాయలకు రారు. తాగొచ్చి కొట్టే మొగుడి సంగతి, మాట వినని కొడుకు సంగతి, బయట చెప్పుకోలేని రోగాల సంగతి అన్నీ లోపలే బయటపడతాయి. విన్నమాట గడప దాటకూడదు. ఎన్నో ఏళ్లుగా ఆ కట్టుబాటు తప్పలేదు. రాతి గోడలు, గట్టి మనుషులు.

కాలం మారింది. వానలు మొహం చాటేస్తే ఆడవాళ్లు కూడా ఊరు వదిలారు. కొందరు బెంగళూరు, కొందరు హైదరాబాదు, నాగవేణి లాంటి వాళ్లు కువైట్. కూడికలో నలుగురు ముసలమ్మలు మిగిలారు. హైదరాబాదులో కంప్యూటరు ఉద్యోగం చేసే ఆ ఊరి పిల్లవాడు ప్రవీణ్ కుమార్ అప్పుడు ఒక ఆన్‌లైన్ లోకాన్ని పట్టుకొచ్చాడు. దాని పేరు ఇంగ్లీషులో ఏదో ఉంది, ఆడవాళ్ల నోరు తిరగలేదు. కొత్తూరు అన్నారు, అదే స్థిరపడింది.

నిజంగానే అదొక ఊరు. ఫోనులో తెరవగానే ఎవరికి వాళ్లు ఒక బొమ్మను చేసుకోవాలి. చీర రంగు, జడ, ఒంటి చాయ అన్నీ మన ఇష్టం. ఎలీషబా తన బొమ్మకు దగ్గు లేదని మురిసిపోయింది. వేలితో తోస్తే బొమ్మ నడుస్తుంది. దగ్గరి వాళ్ల మాట గట్టిగా, దూరం వాళ్ల మాట సన్నగా వినపడుతుంది. ఫోను కట్టేసినా ఆ ఊరు ఎక్కడికీ పోదు, ఎక్కడో పెద్ద పెద్ద కంప్యూటర్లలో అలాగే మేలుకుని ఉంటుంది. ప్రవీణ్ అక్కడ స్థలం తీసుకుని అచ్చం తమ ఊరి మందిరం లాంటిదే కట్టాడు. ఎలీషబా అడిగిందని తలుపులు కూడా పెట్టాడు. ఆ తలుపులు మూసుకునేటప్పుడు కిర్రుమని చప్పుడు కూడా అవుతుంది.

ఎలీషబా చెల్లెలు ఝాన్సీది అదే వీధి. ఝాన్సీ ఫోనులో కొత్తూరు ఎక్కించింది ఆమె అల్లుడు వినయ్ కుమార్. కనిగిరిలో సెల్‌ఫోన్ల దుకాణం అతనిది. పెళ్లయిన కొత్తలో అత్తగారి పక్కన కూర్చుని బొమ్మకు చీర కట్టడం ఓపికగా నేర్పించాడు. ఎంత మంచి అల్లుడని వీధంతా అనుకున్నారు. మనుషులను ఎంచడంలో ఆ వీధికి ఎప్పుడూ గుడ్డి నమ్మకమే.

ఆ మంచి అల్లుడు ఝాన్సీ కూతురు షారోన్‌ను గొడ్డును బాదినట్టు బాదాడు. రెండుసార్లు పుట్టింటికి వస్తే పెద్దమనుషులు సర్దిచెప్పి పంపారు. మూడోసారి మణికట్టు విరిగి వచ్చింది. ఈసారి ఎలీషబా ఎవరి మాటా వినలేదు. పిల్ల చేతిలోని ఫోను లాగి ఆపేసింది, ఎవరికీ చెప్పకుండా ఆమెను దొనకొండలో తన ఆడబిడ్డ ఏసమ్మ ఇంట్లో దాచింది. వినయ్ కుమార్ వచ్చి ఝాన్సీ మంచం మీద కూర్చుని, మర్యాదగా మంచినీళ్లు తాగాడు.

"పిల్ల యాడుందో చెప్పండత్తా. నాకై నేను ఎతుక్కుంటే మీకు దక్కదు" అన్నాడు. గొంతు కూడా పెంచలేదు. అందుకే ఎలీషబాకు మరీ భయం వేసింది.

తరువాతి శుక్రవారం అక్కచెల్లెళ్లు ఒకే మంచం మీద కూర్చుని, ఎవరి ఫోనులో వాళ్లు కొత్తూరుకు పోయారు. మందిరం బయట, గేటు పక్కన ఒక మగ బొమ్మ నిలబడి ఉంది. తెల్ల చొక్కా, మొహం రోడ్డు వైపు. మీద వేలు పెడితే పేరు ‘విశ్వాసి’ అని వచ్చింది.

"ఇది ఆడోళ్ల కూడిక నాయనా, ఆదివారం రా" అంది ఎలీషబా. బొమ్మ కదల్లేదు.

"ఏందక్కా వాడు, దిష్టిబొమ్మ మాదిరి!" అంది ఝాన్సీ.

ఎలీషబా ప్రవీణ్‌కు ఫోను చేసింది. "నెట్టు పోయుంటదిలే అత్తా. మనిషి ఫోను పక్కన పడేసి పోతే బొమ్మ అట్లే నిలబడుంటది" అన్నాడతను. అది అబద్ధమేమీ కాదు, చాలాసార్లు అలాగే జరుగుతుంది. ఎలీషబా లోపలికి పోయి తలుపులు మూసింది. కిర్రుమన్న చప్పుడు విని గుండె కుదుటపడింది. ఒకరి తరువాత ఒకరు బాధలు చెప్పుకున్నాక, ఆమె కళ్లు మూసుకుని అందుకుంది.

"ప్రభువా, నీ బిడ్డ షారోన్‌ను జ్ఞాపకం చేసుకో. దొనకొండలో రైలు స్టేషను దాటినాక, పాత గోడౌను పక్క సందు, నీలం తలుపు ఇల్లు. మా ఏసమ్మ ఇల్లయ్యా. వెనక గదిలో కిటికీ కింద మంచం మీద ఉంది. మంగళవారం నుంచి జ్వరం, కట్టు కట్టిన ఎడమ చెయ్యి వాచిపోయింది. నువ్వే తోడుండు తండ్రీ."

కువైట్ నుంచి, బెంగళూరు నుంచి, మార్కాపురం నుంచి ఆడవాళ్లంతా ఆమేన్ అన్నారు. ఝాన్సీకి అప్పుడే తెలిసింది బిడ్డ ఎక్కడుందో. ఏడుస్తూ అక్క చెయ్యి గట్టిగా పట్టుకుంది. ఎలీషబాకు ఆ పూట మనసు తేలికపడింది.

ఆ వారమంతా ఏమీ జరగలేదు. వినయ్ కుమార్ ఫోను చేయలేదు, మనిషిని పంపలేదు. అలిసిపోయి ఊరుకున్నాడు లెమ్మని ఝాన్సీ అంది. ఎలీషబాకు మాత్రం అన్నం సహించలేదు, ఎందుకో ఆమెకే తెలియదు.

మళ్లీ శుక్రవారం వచ్చింది, అక్కచెల్లెళ్లు అదే మంచం మీద కూర్చున్నారు. కూడిక మొదలు కాకముందే ప్రవీణ్ కూడా కొత్తూరులో ఉన్నాడు, ఏదో దీపం సరిచేస్తున్నాడు. వెనక వరుసలో నాగవేణి కనపడటం లేదని ఎలీషబా అంది.

"బొమ్మను కదిలించాల్సిన పన్లేదత్తా. తెర మీద రెండు వేళ్లు పెట్టి జరుపు, నీ కన్నే ఆడికి పోతది" అన్నాడు ప్రవీణ్.

ఆమె జరిపింది. బొమ్మ ఉన్నచోటే ఉంది, చూపు మాత్రం గాలిలో సాగిపోయింది. వరుసలు దాటింది, నాగవేణిని దాటింది, మూసిన తలుపులున్న గోడ దాటింది. అడ్డమన్నదే లేదు. ఇప్పుడు గేటు కనపడుతోంది. ఇవాళ అక్కడ ఎవరూ లేరు. కానీ లోపల నాగవేణి ఎవరితోనో చెప్పుకుంటున్న మాట చెవి పక్కన అన్నట్టే వినపడుతోంది.

"ప్రవీణూ, నేను బయట ఉండాను గదా. లోపలి మాట ఎట్ల ఇనపడతాంది? తలుపులేసుండాయి గదా?"

"చెవి కన్నుతో పాటే పోతదత్తా. కన్ను యాడుంటే ఆడి మాట ఇనపడతది. ఇక్కడ గోడంటే గోడ బొమ్మే. బొమ్మలు నడిచి పోకుండా ఆపుతది, అంతే. బయటోళ్లకు ఇనపడకుండా చేసే ఏర్పాటుంది గానీ, అది పెడితే కొత్తగా వచ్చేటోళ్లు లోపలికి రాలేరు. దేవుని మందిరం గదా అని తెరిచే పెట్టినా."

"మరి బయట నిలబడి, మొహం అటు తిప్పుకున్నోనికి?"

"మొహం ఎటుంటే ఏంది? కన్ను లోపల పెట్టుకోవచ్చు." అన్నాడు ప్రవీణ్. "ఏమైందత్తా?"

ఎలీషబాకు అంతా అర్థమైంది. తన నోటితో తానే, వీధీ సందూ తలుపు రంగూ పలికి, పిల్లను అప్పజెప్పింది. కొత్తూరు వదిలి ఏసమ్మకు ఫోను చేసింది. ఏసమ్మ వెంటనే ఎత్తింది, గొంతులో ఏ బెదురూ లేదు.

"ఇప్పుడే పోయినారు ఎలీషబా. మంచిపని చేసినావు కారు పంపి. అల్లునికి ఈ ఇల్లు తెలిసిపోయిందంట గదా, బేస్తవారిపేటకు తీసుకురమ్మన్నావంట గదా!"

"ఎవరు వదినా? ఎవరొచ్చినారు?"

"డ్రైవరు. ముందు నేను తలుపు తియ్యలా. మంగళవారం నుంచి జ్వరమని, ఎడమ చెయ్యని, కిటికీ కింద మంచమని అన్నీ చెప్పినాడు. అవన్నీ నీకు దప్ప ఎవరికి తెలుసు? షారోన్ గూడా మా పెద్దమ్మే పంపిందని నవ్వుకుంటా ఎక్కింది. ఏమే, నువ్వే గదా పంపింది?"

ఎలీషబా ఝాన్సీ వైపు తిరిగింది. ఝాన్సీ చేతిలోని ఫోను మోగింది. తెర మీద అల్లుడి పేరు చూసి ఆమె అక్క మొహంలోకి చూసింది, ఎత్తి స్పీకరు పెట్టింది.

"వందనాలత్తా" అన్నాడు వినయ్ కుమార్, మర్యాదగా. "షారోన్ నా కాడికొచ్చేసింది. ఇంక దాని కోసం మీరు ప్రార్థనలు పెట్టుకోవద్దు."