సున్నంతో గీసిన వీపు

పిడుగురాళ్లలో తెల్లగా లేనివి రెండే అని మేం చెప్పుకొనేవాళ్లం. ఒకటి మాచర్ల రైలింజను, రెండోది మా పిన్ని హోటలు గోడ. మిగతా ఊరంతా, చెట్లు, లారీలు, గేదెలు, నా జుట్టుతో సహా, సున్నపు బట్టీల ధూళికి తెల్లబడి ఉండేది. ఎనభైల్లో నేనక్కడ ఒక బట్టీలో గుమాస్తాను. పగలు లారీల లోడు రాసుకొనేవాణ్ణి, తీరిక దొరికితే రాజకీయ కార్టూన్లు గీసి పత్రికలకు పంపేవాణ్ణి. పంపినవి పంపినట్టే తిరిగొచ్చేవి. ఎడిటర్లకు నా గీత నచ్చేది కాదు, నాకు నా రాత నచ్చేది కాదు. ప్రధానమంత్రిని గీసినా ముఖ్యమంత్రిని గీసినా కింద పేరు రాయకపోతే ఇద్దరూ మా మేనమామలాగే ఉండేవారు.

అలాంటి నాకు కార్టూనంటే ఏమిటో కళ్లారా చూపించినవారు హైస్కూలు డ్రాయింగు మాస్టారు. మా పక్కవాటాలో ఉండేవారు. ఆయన భార్య ఊళ్లోనే ప్రభుత్వాసుపత్రిలో నర్సు. మాస్టారిది వినయానికి చోటిచ్చే స్వభావం కాదు. బొమ్మ బాగుందని ఎవరైనా అంటే, "బాగుందని నాకు తెలుసులేవయ్యా, ఎందుకు బాగుందో చెప్పు" అని నిలదీసేవారు. దాంతో పొగిడేవాళ్లు కూడా ముందూవెనకా చూసుకొని పొగిడేవారు.

ఆయనకు కాగితం పనికిరాదు. బస్టాండు ఎదురుగా ఉన్న పిన్ని టీ హోటలుకి నాపరాళ్ల గోడ ఉండేది, పొయ్యి పొగకి నిగనిగలాడే నలుపు తేలి. ఆదివారం పొద్దున్నే, ఎండ రాకముందే, మాస్టారు చెంబుతో వచ్చేవారు. చెంబులో వడకట్టిన సున్నపునీళ్లు, అందులో కాస్త తుమ్మబంక. చేతిలో ఈతమట్ట నలగ్గొట్టి చేసుకొన్న కుంచె. తడి సున్నం గుణం ఆ ఊళ్లో పసిపిల్లలకు కూడా తెలుసు. పూసినప్పుడు నీళ్లలాగే ఉంటుంది, ఆరితేగాని తెలుపు తేలదు. అందుచేత మాస్టారు గీస్తున్నంతసేపూ గోడమీద ఏమీ కనపడేది కాదు. ఆయన అలా గాలిని గీసినట్టు గీసి, చేతులు కడుక్కొని, బల్లమీద కూర్చుని టీ తెమ్మనేవారు.

తర్వాత ఎండ వచ్చేది. ముందు ఒక మోచెయ్యి. కాసేపటికి ఒక తలగుడ్డ, కుర్చీ కాలు, పంచె కుచ్చిళ్లు. ఎవరో గోడ అవతల్నుంచి మెల్లగా ఇవతలికి వస్తున్నట్టు ఉండేది. ఎన్ని వారాలు చూసినా నాకు ఒళ్లు జలదరించేది. కనపడుతూ గీస్తేనే నాది వంకర పోతుంది, ఈయన కనపడకుండా గీస్తే ఒక్క గీత పక్కకు జరగదు!

కరణాల పదవులు ఒక్క దెబ్బతో తీసేసిన రోజుల్లో ఆయన ఒక ఖాళీ అరుగు గీశారు. అరుగు మీద కళ్లజోడు ఒకటే ఉంది, మనిషి లేడు. అయినా రైతు తువ్వాలు చంకలో పెట్టుకొని దాని ముందు చేతులు కట్టుకునే ఉన్నాడు. హోటల్లో సగంమంది నవ్వారు. మిగతా సగం, చేతులు కట్టుకొని చూస్తున్నవాళ్లు, గబుక్కున చేతులు విప్పేసుకొన్నారు.

ఆయన ఎవరి ముఖమూ గీసేవారు కాదు. నాయకులందరినీ వెనకనుంచే. "మొహం ఓటరు కోసం తయారు చేసుకొంటారయ్యా. ఈపు తయారు చేసుకోటం ఎవుడికీ చేతగాదు" అనేవారు. నేను ఢిల్లీ రాజకీయం మీద గీసిన బొమ్మ చూపిస్తే తిప్పి నా చేతికే ఇచ్చి, "ఢిల్లీ వాళ్లని గీయటానికి ధైర్యం ఎందుకు, స్టాంపులుంటే చాలు. ఈ గోడ ముందు టీ తాగేవాణ్ణి గీయి, చూద్దాం" అన్నారు. నేను చూడదలచుకోలేదు.

మండలాలు కొత్తగా ఏర్పడి, ఎన్నికల మాటలు మొదలైన రోజులవి. మాస్టారి బొమ్మలు ఎవరికో గుచ్చుకొన్నాయి. గవర్నమెంటు మేస్టరు గోడల మీద రాజకీయాలు గీస్తున్నాడని గుంటూరుకి అర్జీ పోయింది. మాచర్ల అవతల, అడవి అంచున ఉన్న ఊరికి బదిలీ కాగితం తయారవుతోందని తెలిసింది. అదే జరిగితే భార్య ఇక్కడ, ఆయన అక్కడ. శనివారం సాయంత్రం ఆవిడ డ్యూటీ నుంచి వస్తూ నన్ను ఆపింది.

"తమ్ముడూ, పెళ్లైన పదేళ్లకి ఇద్దరం ఒక ఊళ్లో పడ్డాం. ఈ ఒక్క వారం ఆ కుంచె ముట్టుకోవద్దని చెప్పవా? నేను చెబితే రెండు గీస్తాడు."

నేను చెప్పాను. ఆయన శ్రద్ధగా విన్నారు. పొద్దున్నే చెంబుతో బయల్దేరారు.

ఆయన చేతులు కడుక్కొని ఇంకా కూర్చోకముందే హోటలు ముందు జీపు ఆగింది. చుట్టుపక్కల నాలుగైదు ఊళ్లలో మాట చెల్లే మోతుబరి దిగాడు. అందరం పెద్దాయన అనేవాళ్లం. అవతలి పార్టీ నాయకుడు ఆయనకు స్వయానా బావమరిది. ఇద్దరిదీ ఒకటే ఖద్దరు, ఒకటే కండువా, జెండాలే వేరు.

"ఏంది మేస్టారూ, గోడకి నీళ్లు పెడతన్నావా? మొలకలొస్తయ్యా?"

"వస్తయ్యండి. ఎండ పడనీండి."

పెద్దాయన నవ్వి బల్ల మీద కూర్చున్నాడు. పిన్ని ఆయనకు గ్లాసు కడిగి మరీ టీ ఇచ్చింది. లారీల మీదుగా ఎండ గోడకి తాకింది.

మొదట తేలినవి శంకుస్థాపన రాళ్లు. ఒకదాని పక్కన ఒకటి, వరసగా. ఊరికి కడతామన్న మంచినీళ్ల ట్యాంకుకు ఎవరు గెలిచినా ఒక రాయి వేసిపోయేవారు, ట్యాంకు మాత్రం లేదు. తర్వాత బిందెలు పట్టుకొన్న ఆడవాళ్ల వరస తేలింది. చివరగా, ఆ రాళ్లను చూస్తూ మనవైపు వీపు పెట్టి నిలబడిన మనిషి. ఎడమ చేత్తో కుడి మణికట్టు వెనక్కి పట్టుకొని, ఒక భుజం రవంత దించి, తోటలో కాయలు లెక్కపెట్టుకొంటున్న ఆసామిలా.

పిన్ని టీ తిరగబోయడం ఆపేసింది. హోటల్లో అందరికీ ఆ వీపు ఎవరిదో తెలిసింది. నేను భయంతో మాస్టారి చెంబుని కాలితో బల్ల కిందకి తోసేశాను.

పెద్దాయన తొడ చరిచి పగలబడి నవ్వాడు.

"ఓరి నీ అసాధ్యం గూల! మా బామ్మర్దిని దించేశావు గదయ్యా! ఆ నిలబట్టం జూడు, ఊరంతా వాడి తాత సంపాయించి పెట్టినట్టు!"

బాగా చూడాలని లేచి గోడ దగ్గరకు వెళ్లాడు. మాకు వీపు పెట్టి నిలబడ్డాడు. ఎడమ చెయ్యి వెనక్కి వెళ్లి కుడి మణికట్టు పట్టుకొంది. భుజం రవంత దిగింది. గోడమీద ఒకరు, గోడ ముందు ఒకరు, అచ్చు ఒకటే మనిషి. మనిషన్నవాడు తన వీపు తాను చూసుకోలేడు గనక, ఆ హోటల్లో ఆయన్ని గుర్తుపట్టలేనివాడు ఆయనొక్కడే! భయపడుతున్నానన్న సంగతి కూడా మరిచిపోయి నేను ఆ రెండు వీపుల్నీ మార్చి మార్చి చూశాను. ఆ గీత ముందు నాకు దణ్ణం పెట్టాలనిపించింది.

"చానా బాగుంది మేస్టారూ" అంటూ పెద్దాయన ఇటు తిరిగాడు. "నీ ట్రాన్స్‌ఫర్ సంగతి విన్నాలే. రేపు గుంటూరు పోతన్నా. నే ఆపిస్తా, నువ్వు నిచ్చింతగా ఉండు."

మాస్టారు ఊరుకొంటే చాలు. తల ఊపితే ఇంకా మంచిది. ఒక్కసారి, ఈ ఒక్కసారి ఆ నోరు మూతపడాలని తెలిసిన దేవుళ్లందరికీ మొక్కాను. తెలియని దేవుళ్లని కూడా వదల్లేదు.

మాస్టారు గ్లాసు బల్లమీద పెట్టారు.

"అయ్యా, ఆయన మీ బామ్మర్ది గాదండి. మీరు."

"నేనా?"

పెద్దాయన బొమ్మని చూశాడు. మమ్మల్ని చూశాడు. మేం టీ గ్లాసుల్లోకి చూశాం.

"నా ఈపు ఇట్టా ఉంటదా?" అన్నాడు. కోపంగా కాదు, డాక్టర్ని అడిగినట్టు అడిగాడు.

చివరికి పిన్నే అంది. "ఉంటది బాబుగారూ. మాకు రోజూ కనపడేది అదేగా."

ఆయన మణికట్టు వదిలేశాడు. వదిలేశాక ఆ చేతుల్ని ఏం చెయ్యాలో తోచక కండువా సర్దుకొన్నాడు. జీపుదాకా వెనక్కి వెనక్కి నడిచాడని తర్వాత ఊళ్లో చెప్పుకొన్నారు. అది అబద్ధం. కాస్త పక్కకు తిరిగి నడిచాడు, అంతే. జీపెక్కబోతూ మాస్టారితో అన్నాడు: "ఆ కాయితాన్ని నేను తొయ్యను. ఆపనూ ఆపను. దాని దారిన అది వస్తది."

కాగితం దాని దారిన అది వచ్చింది.

ఆ ఆదివారం మధ్యాహ్నమే సంగతి తెలిసి మాస్టారి భార్య ఆస్పత్రి నుంచి నేరుగా హోటలుకి వచ్చింది. మాస్టారు బల్లమీదే కూర్చుని ఉన్నారు. ఆవిడ ఆయన్ని దాటి గోడ దగ్గరకెళ్లి, బొమ్మని ఆ చివరనుంచి ఈ చివరదాకా చూసింది. ఇప్పుడు తిట్లు మొదలవుతాయని నేను చిన్నగా జారుకోబోయాను.

"భుజం భలే కుదిరింది" అందావిడ. "ఆడవాళ్లే అందరూ ఒకలాగే ఉన్నారు. వాళ్లకి ఈపులుండవా?"

ఆ ఇంట్లో ఎవరి మాట చెల్లుతుందో నాకు మొదటిసారి తెలిసింది. మాస్టారు లేచి, ఆ ఆడవాళ్ల వరస దగ్గరకెళ్లి వంగి చూశారు.

కొత్త ఊరికి వెళ్లేరోజున రైలు కోసం ఎదురుచూస్తూ, ఊరుకోలేక అడిగేశాను. "ఒక్క మాట మింగేస్తే సరిపోయేది గదా మాస్టారూ?"

"అందరికీ తెలిసి వాడొక్కడికి తెలవకపోతే అది కార్టూనెట్టా అయిద్దయ్యా, చాడీ అయిద్ది గాని" అని, క్యారియరు భార్య చేతిలోంచి అందుకొని రైలెక్కారు.

రైలు గురజాల వైపు మలుపు తిరిగేదాకా ఆవిడ ప్లాట్‌ఫారం మీదే ఉంది. తర్వాత కొంగుతో కళ్లు తుడుచుకొని, నాతో కలిసి నడుస్తూ అంది: "వారం వారం వస్తానన్నాడు. మీ బట్టీలో మంచి సున్నం ఉంటే కాస్త తెచ్చిపెట్టు తమ్ముడూ. శనివారమే నానబోస్తా."