రెప్పలు లేని చేప

కరోనా సద్దుమణిగాక వచ్చిన రెండో వేసవి అది. ఆళ్లగడ్డలో మా శిల్పశాల ముందు సగం చెక్కిన రాళ్లు అలాగే పడి ఉన్నాయి. గుడి కట్టించే పెద్దలెవరూ అప్పటికింకా కదల్లేదు. మా ఇంట్లో అందరం రాతి పనివాళ్లమే అయినా నేను ఫైబర్ పని కూడా నేర్చుకున్నాను. ఫైబర్ అంటే గాజు నూలు పరిచి, దాని మీద రెజిన్ అనే జిగురు పూసి గట్టిపరిచేది. మా నాయనకు ఆ వాసనంటేనే పడేది కాదు. కానీ పెళ్లి మండపాల ఏనుగులూ, పార్కుల డైనోసార్లూ మా పొయ్యి ఆరకుండా చూశాయి. అందుకే నంద్యాల నుంచి మస్తాన్ వచ్చి షార్క్ చేసిపెట్టమంటే నేను కాదనలేదు, నవ్వానంతే.

మస్తాన్ పెళ్లి వీడియోలు తీస్తాడు. సినిమా పిచ్చి తలకెక్కినవాడు.

"సముద్రం చూడాలంటే ఒక పగలంతా బస్సులో పోవాల. నీకు షార్క్ ఎందుకురా?" అన్నాను.

"సముద్రం వద్దన్నా. బేతంచెర్ల కాడ పాత గని ఉండాది. నీళ్లు నిండి పచ్చగా ఉండాది. ఆ గనిలోకి షార్క్ వచ్చిండాది, అదీ కథ."

"ఎట్ల వచ్చింది? లారీలోనా?"

"అది ఎవురూ అడగరన్నా," అన్నాడు నిబ్బరంగా.

ఆ సాయంత్రం ఫోన్లో అలాంటి సినిమాలు నాకు వరసగా చూపించాడు. అన్నీ తెలుగు డబ్బింగులే. ఎక్కడో ఎవరో తక్కువ ఖర్చులో చుట్టేసినవి. నాకు కోపం వచ్చింది. ఒక షార్క్ దవడ కింద మోల్డు అతుకు కూడా సరిగ్గా రుద్దలేదు, గీత కనబడుతోంది. ఇంకొకటి నోరు తెరిస్తే లోపల రంగు కూడా పూయలేదు. పనివాడన్నవాడికి సిగ్గుండొద్దా? తిట్టుకుంటూనే చూస్తున్నాను. పక్కన మంచం మీద కూర్చున్న మా ఆవిడ ఎప్పుడు తీసుకుందో గానీ కాళ్లు మంచం పైకి తీసుకుంది. మా గచ్చు మీద చుక్క నీరు లేదు.

"చూసినావా అన్నా? షార్క్ బాగలేకపోయినా నడుస్తాది. నీళ్లు బాగుండాల," అన్నాడు మస్తాన్.

బంకమట్టితో ముందు రూపం తీశాను. దాని మీద ప్లాస్టర్ మోల్డు, మోల్డులో ఫైబర్, తేలడానికి కడుపులో థర్మాకోల్. వీపు మీద ఎత్తడానికి ఇనుప కడియం. చేప మంచిగానే కుదిరింది. కళ్లు మాత్రం చేయలేదు. కళ్లుండాల్సిన చోట రెండు బుడిపెలు వదిలేశాను.

ఇది మా వృత్తి అలవాటు. విగ్రహానికి కళ్లు చిట్టచివర తెరుస్తాం. తెరిచేటప్పుడు శిల్పి ఎదురుగా నిలబడడు, పక్కకు తప్పుకుంటాడు. ఎదురుగా అద్దం పెడతారు, మొదటి చూపు దాని మీద పడాలని. మా నాయన ఇంకో మాట అనేవాడు: "చూసేకి ఎదురుగా ఏమీ లేనిదానికి కండ్లు తెరవాకురా." ఫైబర్ చేపకు ఇవన్నీ ఏమిటని మీరు నవ్వొచ్చు. నేనూ నవ్వుకున్నాను. కానీ చేయి వెళ్లలేదు.

గని దగ్గర చిత్రీకరణ మొదలైంది. నాపరాయి తీసి వదిలేసిన గని, చుట్టూ మెట్లుమెట్లుగా తెగిన రాతి గోడలు. గాలి లేకపోతే ఆ నీళ్లలో ఒక్క ముడత కూడా పడదు. ఎండలో నిలబడి చూస్తే ఒళ్లు జలదరించేది. తాడు కట్టి చేపను లాగితే హీరో భయపడాలి. ఆ మహానుభావుడు భయపడకపోగా పకపకా నవ్వాడు.

"కండ్లు లేవన్నా దీనికి! గుడ్డి షార్క్‌కు ఎవుడు భయపడతాడు?" అని మస్తాన్ నా మీద విరుచుకుపడ్డాడు.

సరేనని గట్టు మీదకు లాగించి ఉలి తీశాను. బుడిపెల్లో గుంటలు తీసి, నల్లరంగు వేసి, పైన గాజులా మెరిసే రెజిన్ పోశాను. ఎండకు త్వరగానే గట్టిపడింది. అద్దం తేలేదు, చేపకెందుకులే అనుకున్నాను. కానీ అలవాటు ఊరుకుంటుందా? దుమ్ము పడకుండా కళ్ల మీద అంటించిన కాగితం పీకి పక్కకు తప్పుకున్నాను. తలెత్తి చూస్తే కుడి కంటికి ఎదురుగా ఒకామె నిలబడి ఉంది. ఎడమ కంటికి ఎదురుగా గని ఉంది.

ఆమెను రోజూ చూస్తున్నాం. దగ్గర్లో నాపరాళ్లు పాలిష్ పట్టే చోట పని చేస్తుంది, పేరు మార్తమ్మ. పని దిగాక వచ్చి రాతి మీద కూర్చునేది. షూటింగ్ మోజనుకున్నాం. ఆ రోజు దగ్గరికొచ్చి చేప దవడ మీద చెయ్యి పెట్టింది.

"ఇట్లాటివి నీళ్లల్లో నిజంగా ఉంటాయా ఆచారీ?"

"సముద్రంలో ఉంటాయమ్మా. ఈడ ఉండవు."

"ఉంటే బాగుండు," అంది.

నాకు అర్థం కాలేదు. ఆమే చెప్పింది. గనిలో పని నడిచే రోజుల్లో ఆమె భర్త యోసేపు నీళ్లు తోడే మోటరు పైపు సరిచేయడానికి దిగి జారిపోయాడట. గజ ఈతగాళ్లు దిగి వెతికారు. అడుగున రాతి పొరల మధ్య సందులున్నాయనీ, వాటిలో ఎక్కడో ఇరుక్కుని ఉంటాడనీ చెప్పి వెళ్లిపోయారు. మనిషి దొరకలేదు.

"ఈస్టరు పొద్దున అందరూ సమాధుల కాడికి పోయి కొవ్వొత్తులు పెడతారప్పా. నేను యాడ పెట్టాల? ఏదో ఒకటి పట్టుకపోయిందంటే మనసుకు ఒక దారి. ఏమీ లేని నీళ్లు మనిషిని ఎట్ల మింగుతాయి?"

అతుకులు కనబడే ఆ రబ్బరు షార్కులను జనం కళ్లప్పగించి ఎందుకు చూస్తారో నాకు అప్పుడు తెలిసింది. షార్క్ వచ్చాక భయం సగం పోతుంది, పేరు తెలిసిపోతుంది కాబట్టి. అది రాకముందు ఉట్టి నీళ్లు చూపిస్తారే, మనిషి తట్టుకోలేనిది ఆ నీళ్లనే. ఈమె ఆ ఉట్టి నీళ్ల ముందే ఇన్నేళ్లుగా కూర్చుని ఉంది.

మరుసటి రోజు చేప మునిగింది. కడుపు అతుకు ఎక్కడో విచ్చి నీళ్లు పట్టి ఉంటాయి, కారణం అంతే. కానీ మునిగిన తీరు నాకు నచ్చలేదు. తోక పైకి లేచింది. చేప నిలువునా నిలబడి, మెల్లగా ఒక చుట్టు తిరిగి, తాడు తెంపుకుని దిగిపోయింది. ఎడమ కన్ను చాలాసేపు కనబడుతూ ఉండింది.

మస్తాన్ నెత్తిన చేతులు పెట్టుకున్నాడు. క్లైమాక్స్ ఇంకా తీయలేదు. మర్నాడు పక్క గని నుంచి క్రేన్ తెప్పించాడు. వీపు కడియం ఎటుందో నాకే తెలుసు కాబట్టి గట్టు అంచున నిలబడి క్రేన్ డ్రైవరుకు చేత్తో సైగలు చేసే పని నాది. కొక్కెం చాలాసార్లు ఉత్తదే వచ్చింది. చివరికి దేనికో పట్టుకుంది. తాడు బిగిసింది, క్రేన్ మూలిగింది.

నీళ్లు నిండిన ఫైబర్ బరువు నాకు తెలుసు. ఆ తాడుకు వేలాడుతున్నది దానికంటే బరువుగా ఉంది. రాతి అంచుకు తగులుకుని ఉండొచ్చు.

"వదులప్పా," అన్న మాట నా వెనకే వినబడింది. మార్తమ్మ.

"అది నా చేపేనమ్మా."

"చేపైతే ఉండనీ. చేప గాకుంటే?" ఆమె గొంతు వణకలేదు. "ఇన్నేండ్లకు పైకి ఏమొస్తాదప్పా? నేను చూసేకి ఏం మిగిలుంటాది? ఆయప్ప ఒక్కడే ఉండాడు ఆడ. నిన్నటి నుంచి కండ్లు తెరుసుకోని ఏదో ఒకటి తోడుండాది. దాన్ని తీయొద్దు."

"నా సినిమా ఏం గావాలన్నా?" అని ఇటు నుంచి మస్తాన్ అరుస్తున్నాడు. డ్రైవరు నా చేతినే చూస్తున్నాడు. తాడు నీళ్లలోకి నిటారుగా దిగి సన్నగా అదురుతోంది.

నేను చేయి కిందికి దించాను. తాడు వదులైంది. ఆ కొక్కేనికి తగిలినదేమిటో నాకు ఈ రోజుకూ తెలియదు. తెలుసుకోవాలని కూడా లేదు.

మస్తాన్ నాతో చాలా రోజులు మాట్లాడలేదు. కోపంలోనే ప్లైవుడ్ ముక్కతో వీపు రెక్క ఒక్కటి కోసి, నీళ్ల మీద అది తిప్పి సినిమా ముగించాడు. నంద్యాలలో ఒక ఫంక్షన్ హాల్లో వేస్తే వెళ్లాను. మొదట ఈలలు వేశారు. తర్వాత నా ముందు వరసలోవాళ్లు ఒక్కొక్కరుగా కాళ్లు కుర్చీల మీదికి తీసుకున్నారు. నా చేప కన్ను ఒకే ఒక్కసారి, తెరంతా నిండి కనబడింది. నేను కాగితం పీకేటప్పుడు మస్తాన్ కెమెరా నడుస్తూనే ఉందట. మెరిసే ఆ నల్లటి గుండ్రంలో చిన్నగా ఒక ఆడమనిషి నిలబడి ఉంది.

"ఎడిటింగ్‌లో నేను చూడలే అన్నా," అన్నాడు మస్తాన్ నెమ్మదిగా. అప్పటి నుంచి మళ్లీ మాట్లాడుతున్నాడు.

ఇప్పుడు గుడి పనులు మళ్లీ వస్తున్నాయి. కళ్లు తెరిచే ముందు, ఎదురుగా ఎవరు నిలబడతారని అడగకుండా నేను ఉలి పట్టను. అది పద్ధతి కోసం పెట్టిన పద్ధతి అనుకునేవాణ్ని. కాదని ఆ గని నేర్పింది.

ఆ తర్వాతి ఈస్టరుకు రాయి చూడటానికి బేతంచెర్ల వెళ్లి, దారి మళ్లించి గని దగ్గర ఆగాను. గట్టు మీద రాతి సందులో కొవ్వొత్తి వెలుగుతోంది. మార్తమ్మ పక్కన కూర్చుని ఉంది.

"ఆచారీ, ఒక మాట అడుగుతా. దాని కండ్లు ఎప్పుడన్నా మూసుకుంటాయా?"

"మూసుకోవమ్మా. నేను దానికి రెప్పలు పెట్టలే."

"చాలప్పా," అని ఆమె కొవ్వొత్తికి చెయ్యి అడ్డం పెట్టింది.